ఏజెంటు అనే మాట, మన పేరు

'ఏజెంటు' అనే మాట మన కొండ ప్రాంతాలకు పాతదే. 1839లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల పరిధి నుండి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు పాలన కిందకు తెచ్చింది. 'ఏజెన్సీ' అనే పేరు మనకు అలా వచ్చింది. ఈనాడు మన ఊళ్ళలో ఏజెంటు అంటే భూముల బేరం కుదిర్చేవాడు. ఈ రెండు అర్థాల మధ్య ఉన్నది మన భూమి చరిత్రే.

మన తాతల కాలంలో షావుకారు ఉప్పు, బట్ట అప్పుగా ఇచ్చేవాడు. లెక్క అతని పుస్తకంలో ఉండేది. చివరికి పొలం పోయేది. ఈ దోపిడీని ఆపడానికి 1917లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివారి భూమి ఇతరులకు చెల్లదని చెప్పింది. 1959 నాటి 1వ రెగ్యులేషను కూడా అనుమతి పద్ధతినే ఉంచింది. 1970లో వచ్చిన సవరణతో ఆ దారి మూసుకుపోయింది. దాన్నే మనం 1/70 అంటున్నాం. అప్పటి నుండి షెడ్యూల్డు ప్రాంతంలో భూమి అమ్మేది ఎవరైనా, కొనేది గిరిజనుడో, గిరిజనుల సహకార సంఘమో అయి ఉండాలి. అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు, దానం, అగ్రిమెంటు కూడా బదిలీ కిందకే వస్తాయి.

భూమి కొనలేనివాడు అప్పుడు మన పేరు కోసం వెతకసాగాడు. ఈ సంగతి మేము దగ్గర నుండి చూశాం.

టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి, డీఎస్సీ కోసం ఎదురుచూసే రోజుల్లో మాలో కొందరం మైదానంలోని ఒక ప్లాట్ల ఆఫీసుకు ఏజెంట్లుగా తిరిగాం. ప్లాటు అమ్మితే కమిషన్. కొన్నాళ్ళకు ప్లాట్ల మాట తగ్గింది. మీ ఊళ్ళో రోడ్డు పక్క భూమి ఎవరిది, పిల్లలెందరు, అప్పులున్నాయా అని అడగసాగారు. ఒక ఊళ్ళో ఎవరి కోసం వచ్చామో చెప్పినా, ఒక పెద్దాయన "మనవాళ్ళే కదా" అని హద్దురాళ్ళన్నీ చూపించాడు. ఆ నమ్మకమే మమ్మల్ని భయపెట్టింది. వాళ్ళు మమ్మల్ని పెట్టుకున్నది ఆ నమ్మకం కోసమేనని అర్థమైంది.

తరువాత ఆఫీసులో మా ఎస్టీ సర్టిఫికెట్ల జిరాక్సులు అడిగారు. "డబ్బు మాది, పేరు మీది, రాసివ్వని కాగితాల మీద సంతకాలు చాలు" అన్నారు. మేము పెట్టలేదు, అక్కడ పని మానేశాం. మా బదులు వేరే పేర్లు వెతుక్కున్నారు.

పేరు ఇచ్చినవాడికి దక్కేది కొద్దిపాటి డబ్బు. కేసు వస్తే నోటీసు అతనికే వస్తుంది. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో సవరించారు. నేరం రుజువైతే పేరు ఇచ్చినవాడికి కూడా ఏడాది నుండి ఏడేళ్ళ వరకు జైలు. ఇది మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. ప్రభుత్వానికే లేని అధికారాన్ని ఒక జిరాక్సు కాగితంతో బ్రోకరు సంపాదించుకుంటున్నాడు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులారా, అడంగల్, 1బి చదవడం పదో తరగతి లోపే నేర్పుదాం. రాయని కాగితం మీద సంతకం చేయకూడదని చెబుదాం. యువతీ యువకులారా, పేరు అడిగి ఎవరైనా వస్తే ఆ మాట గ్రామసభలో అందరి ముందు అడగమనండి. 1996 నాటి పెసా చట్టం భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారాన్ని గ్రామసభకు గుర్తించింది. అందరి ముందు అడగలేని బేరం మనకు వద్దు.