లాభమా, వలసా? ఒక మాట, రెండు భాషలు

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్న.

మా సైట్‌లో క్రేన్ ఆపరేటర్ మాసిడోనియావాడు, బిటోలా ఊరు. సర్వేయర్‌ది బల్గేరియా. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటరు, పని నడుస్తది. ఒకరోజు చాయ్ దగ్గర "మీ ఇద్దరిదీ ఒకటే భాషనా?" అని అడిగిన. సర్వేయర్ "అవును" అన్నడు, ఆపరేటర్ "కాదు" అన్నడు. ఆ పూటంతా ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకడిగిన్నా అనిపించింది. అప్పటినుంచే దీని చరిత్ర చదవడం మొదలుపెట్టిన.

స్లావ్ భాషల్లో రష్యన్‌ది తూర్పు శాఖ, పోలిష్‌ది పడమటి శాఖ. సెర్బియన్, బల్గేరియన్, మాసిడోనియన్ దక్షిణ శాఖవి. రష్యన్‌లో మన కి, తో, లో లాంటి పని మాట చివర మారే రూపాలు చేస్తయి. బల్గేరియన్, మాసిడోనియన్ ఆ రూపాలను దాదాపు వదిలేసినయి. అందుకే ఈ రెండూ అంత దగ్గర. కానీ తేడా ఉంది. మాసిడోనియన్‌లో పుస్తకం 'క్నిగా'. మామూలుగా ఫలానా పుస్తకం అంటే 'క్నిగతా', నా దగ్గరున్న ఈ పుస్తకం 'క్నిగవా', అదిగో అక్కడున్నది 'క్నిగనా'. మన ఈ, ఆ మాటకు ముందొస్తయి, వాళ్లకు తోకలో వస్తయి. బల్గేరియన్ పుస్తకభాషలో 'తా' ఒక్కటే.

9వ శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు స్లావుల భాషను మొదటిసారి రాతలో పెట్టిన్రు. వాళ్లది థెస్సలోనికి. ఆ చుట్టుపక్కల స్లావుల మాటే దానికి ఆధారం. శిష్యుడు క్లిమెంట్ ఓహ్రిడ్‌లో చదువు చెప్పిండు. ఆ వారసత్వం మాదంటే మాదని రెండు దేశాలూ అంటయి.

1903లో క్ర్‌స్తే మిసిర్కోవ్ అనే ఆయన మాసిడోనియన్‌కు సొంత రాతభాష కావాలని సోఫియాలో పుస్తకం అచ్చేసిండు. ప్రతులు చాలావరకు నాశనం చేసిన్రు. 1912, 13 బాల్కన్ యుద్ధాల్లో ఆ నేల సెర్బియా, గ్రీస్, బల్గేరియా మధ్య ముక్కలైంది. సెర్బియా కిందికి పోయిన పిల్లలకు బడి సెర్బియన్‌లోనే. చివరికి 1944 ఆగస్టు 2న మాసిడోనియన్‌ను అధికార భాషగా ప్రకటించిన్రు. 1945లో 31 అక్షరాల లిపి ఖాయమైంది. 1952లో బ్లాజె కోనెస్కి వ్యాకరణం వచ్చింది.

అందుకే బల్గేరియాలో చాలామంది "అది 1944లో కాగితం మీద పుట్టిన భాష" అంటరు. నాకది సగం మాటే అనిపిస్తది. కమిటీ కూర్చొని ఖాయం చేసింది అక్షరాలను, రాత పద్ధతిని. బిటోలా, ప్రిలెప్ వైపు అమ్మలు ఆ మాట అంతకుముందు నుంచే మాట్లాడుతున్నరు. అయినా గొడవ చల్లారలేదు. 2020 నవంబర్‌లో ఉత్తర మాసిడోనియాకు యూరోపియన్ యూనియన్ చర్చలను బల్గేరియా ఆపింది. కారణాల్లో ఈ భాష కూడా ఒకటి.

మొన్న ఆపరేటర్ నాకు 'పెచల్బా' అనే మాట నేర్పిండు. ఇల్లు విడిచి దూరదేశం పోయి సంపాదించుడు. అట్ల పోయినోడు 'పెచల్బార్'. వాళ్ల ఊళ్ల మగవాళ్లు తాపీపనికీ, రొట్టెల బట్టీలకూ ఏండ్లకేండ్లు పోయేవాళ్లట, తర్వాత అమెరికా, ఆస్ట్రేలియా దాకా. రష్యన్‌లో 'పెచాల్' అంటే దుఃఖం. పక్కనే ఉన్న సర్వేయర్ అందుకొని, "మాకు పెచల్బా అంటే లాభం" అన్నడు.

ఆపరేటర్ నవ్విండు. "లాభం ఎంతొచ్చిందో జీతం రోజు చెప్త" అన్నడు.