స్వాతి నడినెత్తికి వచ్చే దీవులు

హవాయి దీవుల్లో ఒకటైన మావీ తీరం నుంచి 1976 మే 1న బయలుదేరిన ‘హోకులేయ’ అనే జంట పడవ, దిక్సూచి గాని, సముద్ర పటం గాని, గడియారం గాని లేకుండా, దాదాపు 4,000 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న తహితి ద్వీపానికి జూన్ 4న చేరుకుంది. 2026తో ఆ ప్రయాణానికి యాభై ఏళ్లు నిండుతాయి. పడవ పేరుకు హవాయి భాషలో ‘ఆనంద తార’ అని అర్థం. తెలుగు పంచాంగం స్వాతి అని చెప్పే నక్షత్రానికి అక్కడివారు పెట్టుకున్న పేరు అదే. ఒక ప్రదేశంలో ఏ చుక్క సరిగ్గా నడినెత్తి మీదుగా సాగుతుందన్నది ఆ ప్రదేశపు అక్షాంశాన్ని బట్టి ఉంటుంది కనుక, స్వాతి తల మీదికి వచ్చిందంటే హవాయి అక్షాంశానికి చేరినట్టేనని నావికుడు గ్రహించగలడు. ఇచ్ఛాపురం, ఆదిలాబాద్ కూడా దాదాపు అదే అక్షాంశం మీద ఉండడం వల్ల, వేసవి రాత్రి ఆరుబయట మంచం వాల్చుకున్న అక్కడి మనిషికీ స్వాతి నడినెత్తినే కనిపిస్తుంది.

హవాయి, తహితి వంటి దీవులకు మనుషులు చేరిన కథలో శాసనాలు లేవు, నాణేలు లేవు. కుండపెంకులు, భాషల పోలికలు, జన్యువుల సాక్ష్యమే ఆధారం. తైవాన్ ప్రాంతం నుంచి ఫిలిప్పీన్స్ మీదుగా కదిలిన జనం, సుమారు 2,800 ఏళ్ల కిందట టోంగా, సమోవా దీవులకు చేరి, అక్కడ వెయ్యేళ్లకు పైగా ఆగిపోయారు. ఎందుకు ఆగారన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆ తరువాత రెండు మూడు శతాబ్దాల్లోనే, అంటే తెలుగు నేల మీద రాజరాజనరేంద్రుడి కాలం నుంచి రుద్రమదేవి కాలం వరకు గడిచిన వ్యవధిలో, వారి సంతతి తహితి, హవాయి, ఈస్టర్ ద్వీపం, న్యూజిలాండ్ అన్నింటినీ చేరుకుంది. పడవల్లో కోళ్లు, పందులు, కుక్కలు, చేమదుంపలు, సీమపనస పిలకలు వెళ్లాయి. దక్షిణ అమెరికాలో పుట్టిన చిలగడదుంప సైతం యూరోపియన్లు రాకముందే ఈ దీవుల్లో సాగులో ఉంది.

1769లో కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ ‘ఎండీవర్’ ఎక్కిన తుపాయా అనే పూజారి డెబ్బైకి పైగా దీవుల ఉనికిని చెప్పి పటం గీయించాడనీ, ఓడ ఎన్ని మలుపులు తిరిగినా తహితి ఎటు ఉందో వేలెత్తి చూపగలిగేవాడనీ నాటి రాతలు చెబుతున్నాయి. మరుసటి ఏడాది బటావియాలో అతడు మరణించడంతో ఆ విద్యను అడిగి రాసుకునే అవకాశం చేజారింది. తరువాతి రెండు శతాబ్దాల్లో మిషనరీలు, వలస పాలకులు, ఆవిరి ఓడలు వచ్చాయి. హవాయి రాజ్యం 1893లో కూలిపోయి, 1898లో అమెరికాలో కలిసింది. నక్షత్రాలను చూసి పడవ నడిపే మనిషి ఆ దీవుల్లో ఒక్కడూ మిగలలేదు.

విద్య పోయిన చోట అది అసలు లేనే లేదన్న వాదం సులభంగా వేళ్లూనుకుంది. నార్వే దేశస్థుడు థార్ హెయెర్డాల్ 1947లో ‘కోన్-టికి’ అనే తెప్ప మీద పెరూ నుంచి 101 రోజులు గాలివాటున కొట్టుకొచ్చి రరోయియా దీవిని తాకి, ఈ దీవుల తొలి నివాసులు అమెరికా నుంచే వచ్చారని వాదించాడు. 1956లో ఆండ్రూ షార్ప్ అనే చరిత్రకారుడు, దూరపు దీవులను ఈ జనం వెతికి కనుక్కోలేదనీ, తుఫానులో దారితప్పి చేరారనీ పుస్తకమే రాశాడు. ఒక జాతి పూర్వీకులను సముద్రం ఈడ్చుకొచ్చిన చెత్తగా చూసిన ఈ మాటకు జవాబు చెప్పడానికే మానవ శాస్త్రవేత్త బెన్ ఫిన్నీ, చిత్రకారుడు హెర్బ్ కానే, సముద్రపు ఈతలో ఆరితేరిన టామీ హోమ్స్ 1973లో పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీని స్థాపించారు. 1975 మార్చిలో నీటిలోకి దిగిన వారి పడవ హోకులేయ 62 అడుగుల పొడవున, రెండు దోనెలను అడ్డకర్రలతో జతచేసి, మేకులకు బదులు తాళ్లతో బిగించి కట్టినది. దోనెలకు ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్ వాడారన్నది నిజమే. అయితే పరీక్ష కొయ్యకు కాదు, పడవ నడకకూ దారి పట్టే విద్యకూ పెట్టినది.

ఆ విద్య హవాయిలో లేదు. మైక్రోనీషియాలో, చదరపు కిలోమీటరుకు కాస్త మించిన సతావల్ అనే దీవిలో మాత్రం కొద్దిమంది దగ్గర ఇంకా బతికి ఉంది. వారిలో ఒకడు 1932లో పుట్టిన మౌ పియైలుగ్. పసితనంలోనే తాత అతణ్ణి తీరపు నీటిగుంటల్లో కూర్చోబెట్టి అలల తాకిడిని ఒంటికి నేర్పాడు. నక్షత్ర పాఠం మాత్రం చాప మీద సాగేది: పగడపు ముక్కలను గుండ్రంగా పేర్చి, ఒక్కొక్కటి ఒక నక్షత్రం పొడిచే చోటో, కుంకే చోటో అనుకుని, నడుమ పడవకు గుర్తుగా ఆకుబొమ్మ ఉంచి, పిల్లవాడి చేత వరసగా చెప్పించేవారు. ఆ వలయంలో ఉత్తరాన ధ్రువతార, తూర్పున శ్రవణం, దక్షిణాన నిటారుగా నిలిచే త్రిశంకు. మధ్యలో కృత్తికలు, రోహిణి, జ్యేష్ఠ. కృత్తికలను పిల్లలకోడి అని పిలుచుకున్న తెలుగు పల్లెలకు ఈ చుక్కలన్నీ తెలిసినవే, సతావల్‌లో మాత్రం వాటితో దారి చూసుకున్నారు.

ఈ జ్ఞానాన్ని బయటివారికి చెప్పడం సతావల్ ఆచారానికి విరుద్ధం. అయినా సొంత దీవిలోని కుర్రవాళ్లే దీనిని నేర్వడం మానుకుంటున్నప్పుడు, తనతోపాటు మట్టిలో కలిసిపోవడం కంటే అడిగినవారికి ఇవ్వడమే మేలని పియైలుగ్ నిర్ణయించుకుని, హోకులేయకు దారి చూపడానికి ఒప్పుకున్నాడు. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద సాహసం ఆ నిర్ణయమే.

తహితి హవాయికి నేరుగా దక్షిణాన కాక కొంత తూర్పుగా ఉంది. ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా వీచే వ్యాపార పవనాలు మాత్రం తూర్పు నుంచి పడమరకు నెడతాయి. అందువల్ల పడవ మొదటి రోజుల నుంచే గాలికి ఎదురుగా ఏటవాలున సాగుతూ తూర్పుకు జరగాలి, భూమధ్యరేఖ దగ్గర గాలి ఆడని ప్రశాంత మండలాన్ని దాటాలి, ఆపై ఆగ్నేయ పవనాలను పట్టుకోవాలి. పియైలుగ్ ఆ దారిలో ఎన్నడూ వెళ్లలేదు. ఆ దక్షిణాకాశాన్ని ముందుగా హొనొలులులోని బిషప్ మ్యూజియం నక్షత్రశాలలో చూసి గుర్తుపెట్టుకున్నాడు. భూమధ్యరేఖ దాటాక ధ్రువతార క్షితిజం కిందికి దిగిపోతుంది, త్రిశంకు పైకి లేస్తుంది. మబ్బు కమ్మిన రాత్రులు చుక్కలు లేనప్పుడు ఏయే దిశల నుంచి వచ్చే పొడవాటి అలలు పడవను ఎలా ఊపుతున్నాయో గమనించి దారి పట్టాడు.

నీహావు దీవికి చెందిన కవికా కపహులేహువా సారథ్యంలో సాగిన ఆ పడవలో సిబ్బందితోపాటు పూర్వీకుల ఆనవాయితీగా ఒక కుక్క, ఒక పంది, కోళ్లు కూడా ఉన్నాయి. ఇరుకు పడవలో నెలరోజులు, పైగా గాలి ఆడని చోట నిలిచిపోయిన రోజులు. సిబ్బందిలో కొందరి మధ్య తగవులు ముదిరాయి. పియైలుగ్ మాత్రం పూట పూటకూ కాస్త కునుకు తీస్తూ, పడవ ఎంత దూరం వచ్చిందో మనసులోనే లెక్క కట్టుకుంటూ కూర్చున్నాడు. నెలాఖరున తెల్లని సముద్రపు పిట్టలు కనిపించాయి. పగలు చేపల వేటకు వచ్చి రాత్రికి గూటికి చేరే జాతి అది కనుక నేల దగ్గరలోనే ఉందని అతడు చెప్పాడు. కొద్ది వ్యవధిలోనే తహితికి ఉత్తరాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని మతైవా అనే పగడపు దీవి ఎదురైంది. అక్కడి నుంచి పపీటే రేవుకు చేరేసరికి పదిహేడు వేల మంది తీరంలో నిలబడి ఉన్నారు. పిల్లలు ఈదుకుంటూ వచ్చి పడవ ఎక్కగా వారి బరువుకు అమరం, అంటే పడవ వెనుక భాగం, నీటిలోకి కుంగిపోయింది.

అక్కడి నుంచి ఈ కథ ఒక దారిన నడవదు. సిబ్బంది తగవులతో మనసు కష్టపెట్టుకున్న పియైలుగ్ సొంత దీవికి వెళ్లిపోయాడు. తిరుగు ప్రయాణం పరికరాల సాయంతో జరిగింది. 1978లో మళ్లీ తహితికి బయలుదేరిన పడవ హవాయి దగ్గరే బోల్తా పడగా, సాయం తేవడానికి సర్ఫ్ పలక మీద వెళ్లిన ఎడ్డీ ఐకావు తిరిగి రాలేదు. ఆ దుర్ఘటన తరువాత పియైలుగ్ మళ్లీ వచ్చి నైనోవా థాంప్సన్ అనే యువకుడికి విద్య నేర్పాడు. 1980లో థాంప్సన్ తహితికి రానూపోనూ పరికరాలు లేకుండా పడవ నడిపాడు. 2007లో పియైలుగ్ సతావల్‌లో ఐదుగురు హవాయివారికి ‘ప్వో’ అనే దీక్షనిచ్చి, 2010లో కన్నుమూశాడు. 2014లో భూగోళాన్ని చుట్టడానికి బయలుదేరిన అదే హోకులేయ మరుసటి ఏడాది హిందూ మహాసముద్రంలో, కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలు ఓడలెక్కి వెళ్లిన మారిషస్‌లో ఆగింది. అక్కడ స్వాతి నడినెత్తిన కాక ఉత్తరాన వాలి కనిపిస్తుంది. 2017 జూన్ 17న పడవ తిరిగి హొనొలులు చేరింది.