రామానంద సంవాదం

కృష్ణభక్త సన్యాసి చైతన్యుడికీ రామానంద రాయుడికీ మధ్య గోదావరి తీరాన ప్రేమతత్త్వంపై జరిగిన సంభాషణ ఇది. 1510లో సన్యసించిన చైతన్యుడు పూరీ నుంచి దక్షిణయాత్రకు బయలుదేరి, నేటి గంజాం ప్రాంతం దాటి, శ్రీకూర్మం, సింహాచలం సేవించి గోదావరి చేరాడు. రామానందుడు గజపతి ప్రతాపరుద్రుని తరఫున రాజమహేంద్రవరాన్ని పాలిస్తున్న అధికారి, జగన్నాథవల్లభ నాటకకర్త. కలిసిన చోటు కొవ్వూరని సంప్రదాయం.

అడిగేది సన్యాసి, చెప్పేది గృహస్థు. పరమార్థం ఏమిటంటే స్వధర్మాచరణ అంటాడు రామానందుడు. అది పైపైదే, ఇంకా చెప్పమంటాడు చైతన్యుడు. కర్మఫలార్పణ, జ్ఞానంతో కలిసిన భక్తి కూడా అలాగే పక్కకు పోతాయి. జ్ఞానం కలవని భక్తి దగ్గర మొదటిసారి సరేనంటాడు. అక్కడి నుంచి దాస్యం, సఖ్యం, వాత్సల్యం, కాంతాభావం, అన్నిటి పైన రాధ ప్రేమ. రాధాకృష్ణుల మధ్య భేదమే కరిగిపోయే స్థితిని రామానందుడు తన సొంత పాటలో వినిపిస్తే, చైతన్యుడు ప్రేమావేశంతో చేత్తో అతని నోరు మూస్తాడు.

క్రీ.పూ. 4వ శతాబ్దిలో ప్లేటో రాసిన 'సింపోజియం'లోనూ ప్రేమకు ఇలాంటి మెట్లున్నాయి. అందులో దియోతిమా అనే స్త్రీ సోక్రటీసుకు చెప్పినట్టు, కోరిక ఒక అందమైన దేహంతో మొదలై, అన్ని దేహాలు, ఆత్మలు, చట్టాలు, విద్యలు దాటి శాశ్వత సౌందర్యాన్ని చేరుతుంది. మొదట ప్రేమించిన మనిషి కింది మెట్టు మీదే ఉండిపోతాడు. రామానందుడి దారి దీనికి పూర్తిగా ఎదురు. ధర్మమూ జ్ఞానమూ కింద, ఒక్కరి మీది ప్రేమ పైన. దేవుడు మరీ దూరం కనుక ఆయనతో స్నేహం కుదరదన్నాడు అరిస్టాటిల్. రామానందుడి దారిలో సఖ్యం ఒక మెట్టు. కోరికను చంపుకోమనకపోవడమే ఈ సంవాదం గొప్పతనం.

దీని విస్తృత పాఠం కృష్ణదాస కవిరాజు బెంగాలీ చైతన్యచరితామృతం, మధ్యలీల 8వ పరిచ్ఛేదంలో ఉంది. యాత్ర జరిగిన సుమారు వందేళ్లకు రాసిన గ్రంథం కనుక ఆ మాటలన్నీ యథాతథమని అనుకోకూడదు. తన సుఖం కోరితే కామం, కృష్ణుడి సుఖం కోరితే ప్రేమ అన్న విభజన కూడా ఆ గ్రంథానిదే.

రాధ చెలులైన సఖులు లేనిదే రాధాకృష్ణుల లీల పెరగదంటాడు రామానందుడు. ఆ సఖికి నిండైన గొంతు గంజాం సీమలో దొరికింది. కవిసూర్య బలదేవ రథ్ (1789–1845) ఒడియాలో రాసిన కిశోరచంద్రానన చంపువులో ప్రేమికులను కలిపేది సఖి లలిత. పర్లాకిమిడిలో గోపాలకృష్ణ పట్టనాయక్ కూడా రాధాకృష్ణుల పాటలే రాశాడు. చంపు గీతాలను ఒడిస్సీ గాయకులు నేటికీ పాడుతున్నారు.