ర్యాప్: అర్థం – ఆవిర్భావం

‘రిథమ్ అండ్ పొయెట్రీ’ అనే మాటల తొలి అక్షరాల కలయికే ‘ర్యాప్’ అన్న వివరణ బహుళ ప్రచారంలో ఉంది. చరిత్ర దీనిని సమర్థించదు. ఈ సంగీతానికి శతాబ్దాల ముందే ఆ పదం ఇంగ్లీషులో ఉంది. తట్టడం, చురుక్కుమనేలా కొట్టడం దాని ప్రాచీనార్థాలు. 1960ల నాటికి ఆఫ్రికన్ అమెరికన్ల వ్యవహారంలో అది చతురంగా మాట్లాడడమనే అర్థాన్ని సంతరించుకుంది. ఉద్యమ నాయకుడు హెచ్. ర్యాప్ బ్రౌన్‌కు ఆ మారుపేరు వాక్చాతుర్యం వల్లనే వచ్చింది. అంటే ర్యాప్ మొదట గానానికి కాక మాటకు చెందిన పదం.

ఈ అర్థపరిణామం ప్రక్రియ మూలాలను కూడా సూచిస్తుంది. ఇద్దరు వ్యక్తులు పోటాపోటీగా ఒకరినొకరు ఎత్తిపొడుచుకునే ‘డజన్స్’, వీరుల, జిత్తులమారుల కథలను ప్రాసబద్ధంగా వినిపించే ‘టోస్ట్’ ఆఫ్రికన్ అమెరికన్ సమాజంలో అప్పటికే వేళ్లూనుకున్న మౌఖిక రూపాలు. పశ్చిమాఫ్రికా గ్రియో గాయకుల వరకు ఈ వంశక్రమాన్ని తీసుకువెళ్లేవారు ఉన్నప్పటికీ, సమీప మూలాలు ఇవే.

ఈ వాక్సంప్రదాయానికి కొత్త వేదిక న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఏర్పడింది. రహదారి నిర్మాణం వేలాదిమందిని నిర్వాసితులను చేయగా, నిరుద్యోగం, వరుస అగ్నిప్రమాదాలు ఆ ప్రాంతాన్ని కుంగదీశాయి. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో సిండీ క్యాంప్‌బెల్ ఒక వేడుక ఏర్పాటు చేసింది. అందులో రికార్డులు వినిపించినవాడు ఆమె సోదరుడు, జమైకాలో జన్మించిన క్లైవ్ క్యాంప్‌బెల్. ‘డీజే కూల్ హెర్క్’గా ప్రసిద్ధుడైన అతడు పాటలో తాళవాద్యాలు ప్రధానంగా మోగే ‘బ్రేక్’ భాగాన్ని రెండు టర్న్‌టేబుళ్లతో పొడిగించేవాడు. ఆ లయపై అతని మిత్రుడు కోక్ లా రాక్ మైకులో పలికిన పిలుపులు, ఛలోక్తులు ర్యాప్‌కు తొలి రూపాలు. అనంతరం గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం వంటివారు వాటిని దీర్ఘ చరణాలుగా విస్తరింపజేశారు.

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ విడుదల చేసిన ‘ర్యాపర్స్ డిలైట్’ ఈ ప్రక్రియకు విస్తృత ప్రజాదరణ తెచ్చింది. అయితే అందులో బిగ్ బ్యాంక్ హ్యాంక్ పలికిన చరణాలలో చాలావరకు బ్రాంక్స్ కవిగాయకుడు గ్రాండ్‌మాస్టర్ క్యాజ్‌వి. రచయితగా క్యాజ్ పేరు రికార్డుపై లేదు. చరణంలో మాత్రం అతని రంగస్థల నామం యథాతథంగా మిగిలిపోయింది.

మౌఖిక సంప్రదాయంలో మాట, మనిషి విడదీయరానివి. రికార్డు ఆ మాటను లోకానికి చేర్చింది; పలికినవాడిని మాత్రం వదిలివేసింది. కాబట్టి ర్యాప్ చరిత్రను ముద్రిత రికార్డులతో ఆరంభించడం దాని తొలి కర్తలను మరొకసారి విస్మరించడమే అవుతుంది.