నలభై దాటాక ఈత

కోనసీమలో ఈతని క్రీడ అనుకున్నవాళ్లు తక్కువ. అటు గౌతమి, ఇటు వశిష్ట, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. వైనతేయ మీదుగా గన్నవరం అక్విడెక్టు కట్టి నగరం దీవికీ గోదావరి నీళ్లు తెచ్చారు. ఇక ఊరూరా కాలవే. కుర్రాళ్లు నడుముకి ఎండు సొరబుర్రలు కట్టుకుని దూకేవాళ్లు, ఈత అదే వచ్చేసేది. కోచ్ లేడు, స్టాప్‌వాచ్ లేదు, కాబట్టి రికార్డూ లేదు. ఆ దూకినవాళ్లలో ఆడపిల్లలు ఎంతమంది అంటే, ఏ ఊళ్లో అడిగినా వేళ్ల మీద లెక్కపెడతారు.

రికార్డుల్లోకెక్కే ఈత వేరే సంగతి. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా ఇంగ్లిష్ ఛానల్ ఈదారు. ఆసియా నుంచి ఆ పని చేసిన మొదటి మహిళ ఆరతి. 1966లో సేన్ పాక్ జలసంధి దాటినప్పుడు నౌకాదళం ఓడలు వెంట ఉన్నాయి. సముద్రం ఈదాలంటే రెక్కల బలం ఒక్కటే సరిపోదు మరి. తోడు పడవ కావాలి, పరిశీలకులు కావాలి, రెండు దేశాల మధ్య నీళ్లయితే అనుమతులు కావాలి. వీటన్నిటికీ డబ్బు కావాలి. ఆ పడవని మాత్రం ముట్టుకోకూడదు.

మన గోదావరి వైపు నుంచి ఈ చరిత్రలోకి వచ్చిన మనిషి గోలి శ్యామల. సొంతూరు సామర్లకోట, స్థిరపడింది హైదరాబాద్‌లో, పనిచేసింది యానిమేషన్ రంగంలో. ఈత నేర్చుకున్నదే నలభై దాటాక. పోటీ ఈతగాళ్లు చాలామంది ఇరవైల్లోనే రిటైరయిపోతారు, ఈవిడ కెరీర్ అప్పుడు మొదలైంది! 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి వైపు, సుమారు 30 కిలోమీటర్లు, పదమూడున్నర గంటలకు పైగా ఈదారు. 2004లో బులా చౌదరి తర్వాత పాక్ జలసంధి దాటిన రెండో మహిళ అని పత్రికలు రాశాయి. 2024 డిసెంబర్ చివర్లో విశాఖలో సముద్రంలోకి దిగి, రోజుకింత చొప్పున 150 కిలోమీటర్లు ఈది, కొత్త సంవత్సరం మొదటివారంలో కాకినాడ ఒడ్డుకి చేరారు. అప్పటికి ఆవిడ వయసు యాభై రెండు.

ఇదంతా ఒక్క మనిషి పట్టుదల కథగా చెప్పుకుని చప్పట్లు కొట్టేయొచ్చు. కానీ 2018 జూలై 14ని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమిలో పడవ బోల్తా పడింది. బడి నుంచి ఇంటికెళ్తున్న ఆడపిల్లలు కొట్టుకుపోయారు. వరద గోదావరిలో గజ ఈతగాడికైనా ప్రాణం మీద ఆశ తక్కువే, లైఫ్ జాకెట్లూ వంతెనా ముందు ఉండాల్సినవి. అయినా రోజూ ఏరు దాటి చదువుకునే పిల్లలకి ఈత నేర్పడం బడి పని అని ఎవరికీ తోచకపోవడం మామూలు విషయం కాదు.

శ్యామల నలభై దాటాక నేర్చుకుని సముద్రం దాటారు. పదేళ్లకే నేర్పితే ఈ లంకల్లోంచి ఎందరు ఛానల్ దాకా వెళ్తారో తర్వాత లెక్కేసుకోవచ్చు. ముందు కాలవ గట్టు మీద నిలబడి చూస్తున్న ఆడపిల్లని నీళ్లలోకి దిగనివ్వాలి.