సూరత్ ప్లేగు, మా చిన్నాయన గజ్జి

మా చిన్నాయనకు డెబ్బై ఐదేళ్ళు దాటాయి. చిన్నమ్మ పోయాక ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నాడు. మొన్న ఎండాకాలంలో చూడటానికి వెళ్తే ఆయన మంచం హాల్లో లేదు. వెనక సామాన్ల గదిలో వేశారు. ఒళ్ళంతా గోకుడు, వేళ్ళ సందుల్లో పుళ్ళు. మేనేజరు గారిని అడిగితే, "మీ చిన్నాయనకే ముందు వచ్చింది సార్, ఆయన వల్లే పదిమందికి అంటుకుంది. వేరే పెట్టక ఏం చేస్తాం? మొన్న ఆరోగ్య హోమం కూడా చేయించాం" అన్నారు. చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్తే సబ్బు లేదు.

చిన్నాయన నవ్వాడు. "నాకు కొత్తేం కాదు బిడ్డా, సూరత్ నుంచి వచ్చినప్పుడు గూడ ఊరి బయటనే ఉంచిరి గద" అన్నాడు.

ఆ మాట దగ్గర ఈ వ్యాసం మొదలైంది. సూరత్‌లో 1994లో ఏం జరిగిందో, అందులో మనం నేర్చుకున్నదేమిటో, నేర్చుకోనిదేమిటో ఒకసారి చూద్దాం. ఇందులో హేతువాదిగా నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్నీ దాచను.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలీలు బతుకుతెరువు కోసం భివండీ, షోలాపూర్, సూరత్ వెళ్ళడం చాలా పాత కథ. సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. చిన్నాయన కూడా అక్కడ సాంచాల మీద పనిచేశాడు. ఒక్క ఖోలీలో ఎనిమిదిమంది. పగటి పాళీ వాళ్ళు లేచి వెళ్తే రాత్రి పాళీ వాళ్ళు వచ్చి అవే పరుపుల మీద పడుకునేవాళ్ళు. పక్క చల్లబడేది కాదు అనేవాడు. గాలి రాదు, మరుగుదొడ్డి ముందు క్యూ, వీధిలో మురుగు. సూరత్ వజ్రాలకూ జరీకీ ఎంత ప్రసిద్ధో, మురికికీ అంతే ప్రసిద్ధి. 1991 జనాభా లెక్కల నాటికి నగర జనాభా సుమారు 15 లక్షలు. అందులో పెద్ద భాగం ఇలా వలస వచ్చినవాళ్ళే.

1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని లాతూర్ ప్రాంతంలో భూకంపం వచ్చింది. ఏడాది తిరగకముందే, 1994 ఆగస్టులో, పక్కనున్న బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గజ్జల్లో బిళ్ళలు కట్టే ప్లేగు కనిపించింది. సెప్టెంబరులో సూరత్‌లో తాపీ నది పొంగి పల్లపు బస్తీలు మునిగాయి. సెప్టెంబర్ మూడో వారంలో వేడ్ రోడ్డు ప్రాంతం నుంచి జ్వరం, దగ్గు, రక్తంతో కూడిన కఫంతో రోగులు ఆసుపత్రికి రావడం, గంటల్లోనే కొందరు చనిపోవడం మొదలైంది. ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట బయటికి పొక్కింది.

అంతే. నాలుగైదు రోజుల్లో లక్షలాదిమంది రైళ్ళెక్కి, బస్సులెక్కి నగరం విడిచిపోయారు. మూడు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉంటారని అంచనాలు. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది దవాఖానాలకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. టెట్రాసైక్లిన్ గోళీలు దుకాణాల్లో దొరకలేదు. గల్ఫ్ దేశాలు కొన్ని భారత్ నుంచి విమానాలు ఆపేశాయి. మా వైపు ప్రతి రెండో ఇంట్లో గల్ఫ్ వీసా కోసం చూసేవాడు ఒకడుండేవాడు కాబట్టి ఆ దెబ్బ మా ఊరికీ తగిలింది.

చిన్నాయన జేబులో టెట్రాసైక్లిన్ పట్టీతో ఊరికొచ్చాడు. ఊరు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. బడి వెనక పాకలో వారం రోజులు ఉంచారు. గుమ్మాలకు వేపమండలు కట్టారు, పోలేరమ్మకు సాక పోశారు. వారం తర్వాత ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ కాపాడిందన్నారు. కాకి వాలగానే తాటిపండు పడిందన్న కాకతాళీయ న్యాయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇది మా ఊరికే పరిమితమైంది కాదు. 1813 నాటి మహమ్మారి తగ్గినందుకే సికింద్రాబాదులో ఉజ్జయిని మహంకాళి వెలిసిందని లష్కర్ బోనాల కథ చెబుతుంది. బెంగళూరులో ఏకంగా ప్లేగు పేరుతోనే ఒక అమ్మవారుంది. రోగం పోయినప్పుడు గుడి కడతాం. రోగం వచ్చినప్పుడు మాత్రం మనిషిని నిందిస్తాం.

ఇక నా తప్పు. అప్పటికి నేను హేతువాద సంఘంలో చేరి ఏడాది. ఊళ్ళో భయం చూసి, "ఇది ప్లేగే కాదు, పత్రికలు పుట్టించిన గోల" అని మీటింగు పెట్టి మరీ చెప్పాను. నాకు ఆధారం లేకపోలేదు. పేరున్న వైద్య శాస్త్రవేత్తలే కొందరు అనుమానాలు లేవనెత్తారు. సూరత్‌లో ఎలుకలు గుట్టలుగా చచ్చిపడలేదు. రోగి ఇంట్లోవాళ్ళకు పెద్దగా అంటుకున్నట్టు లేదు. సూక్ష్మజీవిని పెంచి చూపించడంలో ఆలస్యం జరిగింది. ఇది మెలియాయిడోసిస్ కావచ్చు, హంటా వైరస్ కావచ్చు అన్న వాదనలు వచ్చాయి. నాకు నచ్చిన సమాధానం దొరికింది కాబట్టి అక్కడే ఆగిపోయాను.

కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసినవాడు. ఆ సంఘం అది ప్లేగేనని తేల్చింది. తర్వాత 2000లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, గ్వాలియర్ రక్షణ పరిశోధనా సంస్థ వారితో కలిసి, ఆ ప్లేగు కాలంలో సేకరించిన సూక్ష్మజీవుల జన్యు పదార్థాన్ని పరీక్షించి, అది యెర్సీనియా పెస్టిస్ అని ప్రచురించారు. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనిపెట్టిన ఆ సూక్ష్మజీవే, సరిగ్గా నూరేళ్ళకు సూరత్‌లో కనిపించింది. నేను ఓడిపోయాను. అనుమానించడం తప్పు కాదు. ఆధారం వచ్చాక కూడా అనుమానాన్నే పట్టుకు వేలాడితే దానికీ పోలేరమ్మ సాకకూ తేడా ఏముంది?

అయితే భయపడ్డవాళ్ళు కూడా పూర్తిగా గెలవలేదు. దేశం మొత్తం మీద ఆ రెండు నెలల్లో లెక్కకొచ్చిన అనుమానిత కేసులు 693, మరణాలు 56. ఆ మరణాల్లో ఎక్కువ భాగం సూరత్‌వే. లక్షలాదిమంది దేశమంతా చెల్లాచెదురైనా రోగం ఊరూరా పాకలేదు. ఎందుకు? ఊపిరితిత్తుల ప్లేగు రోగం ముదిరి దగ్గుతున్న మనిషికి బాగా దగ్గరగా ఉన్నవారికి సోకుతుంది. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగుతుంది. మొదటి రోజే మందు పడితే మనిషి బతికే అవకాశం చాలా ఎక్కువ, పడకపోతే దాదాపు చావే. అంటే చిన్నాయన జేబులోని పట్టీ ఊరి గుమ్మాలకు కట్టిన వేపమండలన్నిటికంటే విలువైనది.

ఇంకో కథ కూడా బాగా ప్రచారంలో ఉంది. కమిషనర్ ఎస్.ఆర్. రావు వచ్చి చెత్త ఎత్తించి ప్లేగును తరిమాడు అని. తేదీలు చూస్తే ఇది నిలవదు. 1994 అక్టోబరు నాటికే ప్లేగు అణగిపోయింది. రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చింది 1995లో. అయినా చెత్త నుంచి నేరుగా ప్లేగు పుట్టదు. చెత్త ఎలుకలను పెంచుతుంది, ఎలుకల ఒంటి మీద రక్తం తాగే పురుగు ప్లేగును మోస్తుంది. ఈ సంగతి 1898లోనే పాల్ లూయీ సిమండ్ చూపించాడు.

మరి రావు చేసిందేమిటి? నా దృష్టిలో ప్లేగును తరమడం కంటే గొప్ప పని. రోగం పోయాక, జనం మరిచిపోయే సమయంలో, రోజువారీ పద్ధతి పెట్టాడు. నగరాన్ని ఆరు జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోను అధికారికి తానే అడగకుండా ఖర్చుపెట్టే, చర్య తీసుకునే అధికారాలిచ్చాడు. ఏసీ గదుల్లో కూర్చునే అధికారులు రోజూ పొద్దున్నే వీధుల్లో తిరగాలన్నాడు. హోటళ్ళ వంటగదులు తనిఖీ చేశారు. శుభ్రత లేకపోతే మూసేశారు. చెత్త వేస్తే జరిమానా. అక్రమ కట్టడాలు కూల్చేటప్పుడు పలుకుబడి ఉన్నవాళ్ళను మినహాయించలేదు. బస్తీలకు నీళ్ళు, మరుగుదొడ్లు వచ్చాయి. 1996లో ఇన్‌టాక్ సర్వేలో చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా సూరత్ నిలిచింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పొందింది. కమిషనర్లు మారారు, పద్ధతి మిగిలింది. ప్రమాణం అంటే ఇదే: ఎవరూ చావని రోజున కూడా జరిగే పని, జరగకపోతే ఎవరిని అడగాలో తెలిసిన పని.

ఇప్పుడు మళ్ళీ చిన్నాయన గదికి వద్దాం. నలుగురు కలిసి పడుకునే ఏ చోటైనా, ఖోలీ అయినా హాస్టలైనా వృద్ధాశ్రమమైనా, సూక్ష్మజీవికి ఒకటే. 2020 ఫిబ్రవరిలో అమెరికాలో కోవిడ్ మొదట పెద్దగా బద్దలైన చోట్లలో ఒకటి వాషింగ్టన్ రాష్ట్రం కర్క్‌లాండ్‌లోని వృద్ధుల సంరక్షణ గృహం. మార్చి 9 నాటికి అక్కడి సుమారు 130 మందిలో 81 మందికి సోకింది. విచారణలో తేలిన కారణాలు చూడండి: ఒంట్లో బాగాలేకున్నా సిబ్బంది పనికి రావడం, ఒకే మనిషి రెండు మూడు చోట్ల పనిచేయడం, రక్షణ సామగ్రి చాలకపోవడం. అంత డబ్బున్న దేశంలోనూ తెగింది ఈ మామూలు లంకెలే.

గజ్జి సంగతీ అంతే. అది చర్మంలో తొలుచుకునే పురుగు. మొదటిసారి సోకినవాడికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ముందు గోక్కున్నవాడే అందరికీ అంటించాడనడానికి ఆధారం లేదు. ఆశ్రమంలో ఉన్నవాళ్ళందరికీ, ఆయాలకూ వంటవాళ్ళకూ సహా, దురద ఉన్నా లేకున్నా ఒకే రోజు మందు పూయాలి. వారానికి మళ్ళీ పూయాలి. ఆ రోజే దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఒక్కడిని వెనక గదిలో వేస్తే గజ్జి పోదు, ఆ ఒక్కడి మర్యాద పోతుంది.

చట్టం లేదా? ఉంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షను జిల్లాకొక వృద్ధాశ్రమం గురించి చెబుతూ, దాని నిర్వహణకు ప్రమాణాలు నిర్ణయించే అధికారం రాష్ట్రాలకిచ్చింది. కాగితం మీది ప్రమాణం కుళాయి దగ్గర సబ్బుగా మారాలంటే ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి. పర్యవేక్షణ లేకపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి చెప్పింది. దర్గా మహిమతో పిచ్చి నయమవుతుందని నమ్మి తెచ్చి వదిలిన మనుషులను గొలుసులతో కట్టేసి ఉంచిన పాకలో మంటలంటుకుని 28 మంది చనిపోయారు. అక్కడ భక్తికి కొరత లేదు. తాళంచెవి పట్టుకుని జవాబు చెప్పే మనిషే లేడు.

నేను మేనేజరు గారితో పోట్లాడలేదు. ప్రభుత్వ ఆసుపత్రి చర్మవైద్యుడిని తీసుకెళ్ళాను. అందరికీ ఒకే రోజు మందు పూయించాం. వారానికి మళ్ళీ పూశాం. హోమం గురించి నేనేమీ అనలేదు. కానీ ఒక నోటుపుస్తకం కొనిచ్చాను: రోజూ సబ్బు ఉందా, దుప్పట్లు ఏ రోజు ఉతికారు, ఎవరికి జ్వరం, ఎవరు చూశారు, సంతకం. నెల తర్వాత వెళ్తే చిన్నాయన మంచం హాల్లో, కిటికీ పక్కన ఉంది. నోటుపుస్తకంలో మధ్యలో నాలుగు రోజులు ఖాళీ. ఆ నాలుగు రోజులూ ఎవరి బాధ్యత అని అడిగాను. ఈసారి మేనేజరు గారు చిన్నాయన పేరు చెప్పలేదు, తన పేరే చెప్పారు.