పాఠ్యపథకమున విద్యార్థి దోషము: ప్రవర్తనావాద నిర్మాణవాదముల తారతమ్యము

ప్రవర్తనావాదమునకు లక్ష్యములు, నిర్మాణవాదమునకు కృత్యములు ప్రధానములని శిక్షణ విద్యార్థులు సాధారణముగా వ్రాయుచుందురు. ఈ విభజనము వ్యవహారమునకు చాలునేమో కాని, చరిత్రను పరిశీలించినచో నిలువదు. పాఠ్యపథకమున విద్యార్థి తప్పు సమాధానమునకు లభించిన స్థానమును బట్టియే ఈ రెండు వాదముల భేదము స్పష్టమగునని చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఈ రెంటికిని పూర్వము హెర్బార్టు (1776–1841) పేర ప్రసిద్ధమైన పద్ధతి యుండెను. ఆయన భావములను జిల్లరు, రైను మున్నగు అనుయాయులు అయిదు సోపానములుగా స్థిరపరచిరి. సన్నాహము, ప్రదర్శనము, సంయోజనము, సామాన్యీకరణము, అన్వయము అనునవి యవి. మన శిక్షణ కళాశాలలలో పాఠ్యపథకమునకు చిరకాలము ఇవియే ఒరవడి. ఇవి ప్రధానముగా ఉపాధ్యాయుడు నడపు క్రమములు. విద్యార్థి తప్పునకు అందు ప్రత్యేక స్థానము లేదు.

1953 నవంబరులో స్కిన్నరు తన కుమార్తె చదువుచున్న తరగతిలో గణితపాఠమును చూచెను. తమ సమాధానము ఒప్పో తప్పో బాలురకు వెంటనే తెలియకుండుటయు, అందరును ఒకే వేగమున సాగవలసివచ్చుటయు ఆయనకు లోపములుగా తోచెను. 1954లో ఆయన ప్రకటించిన వ్యాసము కార్యక్రమయుత బోధనకు ప్రేరకమయ్యెను. విషయమును స్వల్పాంశములుగా విభజించుట, ప్రతి అంశమునకు సమాధానము రాబట్టుట, దానిని తత్క్షణమే ధ్రువపరచుట అందలి పద్ధతి. 1962లో మేగరు గ్రంథము లక్ష్యములను గమనింపదగిన ప్రవర్తనగా వ్రాయవలెనని బోధించెను. ఇంతమాత్రమున స్కిన్నరు తప్పును ఉపేక్షించెననరాదు. విద్యార్థి తడబడినచో లోపము సోపానక్రమమునదే యని యెంచి, తప్పునకు తావులేకుండ దానిని సవరింపవలెననుట ఆయన మతము.

నిర్మాణవాదమునకు మూలము వేరు. 1920 ప్రాంతమున పారిసులో బాలుర బుద్ధిపరీక్షలను పరిశీలించుచు పియాజె వారి తప్పు సమాధానములలో ఒక క్రమమున్నదని గుర్తించెను. తప్పు అజ్ఞానము మాత్రమే కాదు, బాలుని ఆలోచనకు సాక్ష్యము కూడనని దీని తాత్పర్యము. 1934లో దివంగతుడైన వైగోట్‌స్కీ, బాలుడు ఒంటరిగా చేయగల దానికిని సాయముతో చేయగల దానికిని నడుమనున్న ఎడము బోధనకు తగిన తావని చెప్పెను. మన దేశమున 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము విద్యార్థి స్వయముగా జ్ఞానమును నిర్మించుకొనునను దృష్టిని స్వీకరించెను.

తెలుగు తరగతినుండి ఒక ఉదాహరణ మూహింతము. మేన + అల్లుడు = మేనల్లుడు, రాముడు + అతడు = రాముడతడు అని నేర్చిన బాలుడు మా + ఇల్లు అనుదానిని ‘మిల్లు’ అని కలిపెననుకొందము. ప్రవర్తనావాది తన క్రమమున హ్రస్వదీర్ఘ భేదమునకు ఒక మెట్టు లోపించినదని గ్రహించి దానిని చేర్చును. నిర్మాణవాది ఆ మూడు రూపములను పక్కపక్కన వ్రాయించి, ‘మాయిల్లు’ అను వాడుక మాటతో పోల్చించి, పూర్వపదాంతమందలి అచ్చు దీర్ఘమని బాలునిచేతనే చెప్పించును. మొదటిదాన కాలము కలిసివచ్చును, అభ్యాసము దృఢపడును. రెండవదాన సూత్రమునకు హేతువు తెలియును. అయినను బాలుడు సూత్రమును సాధించిన పిమ్మట అభ్యాసము లేనిచో అది నిలువదు. కావున నిర్మాణవాదికిని స్కిన్నరు పాఠము అవసరమే.

ఇరువురును తప్పును ఉపాధ్యాయునకు సాక్ష్యముగా గ్రహించిరి. ఒకరు దానిని మార్గమునుండి తొలగింపజూచిరి. మరొకరు దానినే మార్గముగా చేసికొనిరి. పథకములోని శీర్షికలను మార్చి ‘లక్ష్యములు’ అనుచోట ‘అభ్యసన ఫలితములు’ అని వ్రాసినంతనే వాదము మారదు. బాలుడెచట తప్పవచ్చునో, ఏల తప్పునో ముందుగా ఊహించి వ్రాయని పథకము, పాఠము ముగిసిన పిదప ఆ ఊహను సరిచూచుకొనని పథకము, ఏ వాదము పేర వ్రాసినను పరిశీలకుని సంతకమునకు మాత్రమే పనికివచ్చును.